గొట్టం లోపలి లెక్క

ముందు ఒక గీత గీశాను.
గీతకి అటు అమ్మోనియా వేడి,
ఇటు కండలేరు పాయలోంచి తోడిన ఉప్పునీళ్లు.
మధ్యలో ఇరవై మిల్లీమీటర్ల గొట్టాలు నలభై ఎనిమిది,
ఒక్కోటి అయిదు మీటర్ల పొడుగు.
నీళ్లు పోయి, వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ రావాలి.
రొయ్య ఒంట్లోని వేడి ఎక్కడికీ మాయమవదు,
ఇల్లు మారుతుంది, అంతే.
ఆ ఇల్లు మార్చే కూలి ఎంతో తేల్చమన్నారు నన్ను.

గంటకి నలభై ఘనపు మీటర్లు.
దారిలో పోయే ఒత్తిడి బారున్నర.
రెంటినీ గుణించి
పంపు సామర్థ్యంతో, నూటికి అరవైతో, భాగిస్తే
రెండు పాయింట్ ఏడు ఎనిమిది కిలోవాట్లు.
నాలుగు గుర్రాలకి ఇంకా కాస్త తక్కువే.
అయిదు గుర్రాల మోటారు అని రాసి
కింద రెండు గీతలు కొట్టాను.
ఉద్యోగంలో చేరిన మూడో వారం అది.
ఆ రెండో గీత అక్కర్లేదని ఇప్పుడు తెలుసు.

పెంచలయ్య కాగితం చూశాడు,
తలకిందులుగా పట్టుకునే చూశాడు.
డీజిలింజన్ల కాలంనించీ
స్క్రూడ్రైవరు మొన బేరింగుకి, పిడి చెవికి ఆనించి
పంపు లోపలి సంగతి వినేవాడు.
"గొట్టం నున్నగా ఉంటదనుకున్నావా అమ్మే?" అన్నాడు.
నున్నగానే ఉంది పట్టికలో.
గరుకుదనం ఎంతో మిల్లీమీటర్లో వందో వంతుల్లో ఇచ్చారు.
ఆయన ఇంకేం అనలేదు.
బీడీ ముక్క చెవి మీద పెట్టుకుని వాల్వు దగ్గరికి పోయాడు.

కార్తీకంలో వాన తెరిపిచ్చిన రాత్రి
కంప్రెసరు మొండికేసింది.
ఒత్తిడి ముల్లు ఎర్రగీత దాటడం, అది ఆగిపోవడం,
మళ్లీ వేస్తే మళ్లీ అదే.
ఒలుపు షెడ్డులో మస్తానమ్మ వాళ్లు
మంచుకి మొద్దుబారిన వేళ్లు చంకల్లో దాచుకుని
నావైపు చూస్తున్నారు.
ఒలిచిన కిలోకే వాళ్లకి డబ్బు.
ఆగిన గంటకి లెక్కలేదు, ఏ పుస్తకంలోనూ.

ముత్తుకూరునుంచి రెడ్డిగారు ఫోనులో:
"నీళ్లు రెండింతలు తోలమ్మా, పెద్ద మోటారు తెప్పిస్తా."
నీళ్లని రెండింతలు తొందరపెడితే
కరెంటు ఎనిమిదింతలు అడుగుతుందండీ అన్నాను.
అటువైపు కాసేపు మాటలేదు.
తర్వాత, "ఎందుకని?"
ఎందుకంటే నీళ్లూ గోడలూ కొట్లాడుకుంటాయి గనక,
వేగం పెరిగేకొద్దీ కొట్లాట వర్గంలో పెరుగుతుంది గనక,
నీళ్లు కూడా రెండింతలు గనక...
చెప్పేలోపే సిగ్నలు పోయింది.

పెంచలయ్య ఈలోపు పక్కమూత బోల్టులు విప్పాడు.
టార్చి వేస్తే
గొట్టాల నోళ్ల చుట్టూ తెల్లటి గుల్లలు,
పడవ అడుగున అంటుకునేవే, బియ్యపు గింజల్లా,
పాయలోంచి కంటికి కనపడనంత పిల్లలుగా వచ్చి
ఇక్కడ ఇళ్లు కట్టుకున్నాయి.
ఒక్కో వైపు ఒక్క మిల్లీమీటరు.
ఇరవై కాస్తా పద్దెనిమిదయింది.
అన్ని నీళ్లే తోలాలంటే, ఇరుకు అయిదో ఘాతంలో పగ పడుతుంది:
బారున్నర కాస్తా రెండున్నర బార్లు.
నా పంపుకి అంత పైకి తోసే ఊపిరి లేదు.
అందుకే నీళ్లు తగ్గాయి, వేడి వెనక్కి తన్నింది.

"నీ లెక్కలో గొట్టం కొత్తది గదా," అన్నాడాయన,
"కొత్తది ఒక్కరోజేనమ్మే."

ప్లాస్టిక్ గొట్టానికి తీగ బ్రష్షు బిగించి
ఆయన ఇటునుంచి తోస్తే నేను అటునుంచి లాగాను.
ఒకటి. రెండు. పదిహేడు దగ్గర నా అరచెయ్యి తెగింది.
ముప్పై ఒకటి దగ్గర మస్తానమ్మ వచ్చి
చీర కుచ్చిళ్లు దోపుకుని నా చోట కూర్చుంది,
గుల్లల వాసన తనకి తెలుసంది.
నలభై ఎనిమిదోది తేలేసరికి
కృష్ణపట్నం వైపు ఆకాశం చేపపొట్ట రంగుకొచ్చింది.

మళ్లీ లెక్క కట్టాను.
ఏడున్నర గుర్రాలు అని రాశాను, ఒక్క గీతే కొట్టి.
కింద: నెలకోసారి మూత విప్పాలి, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి.
దాన్ని ఏ కిలోవాట్లలో కలపాలో తెలీక
విడిగా ఒక వరుసలో వదిలేశాను.

మోటారు వేశాక గేజి ఒకటి పాయింట్ ఆరు చూపించింది.
బారున్నర చూపించాలి.
"ఏదో ఒక గుల్ల పోనంటా ఉండాది లే," అన్నాడు పెంచలయ్య,
చెవి మీది బీడీ తీసి, తడిసిపోయిందని చూసుకుని.